ఇంటి రేడియో – నేను విడిచిన పుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ ఉత్సవ సందర్భమున పోతన భాగవతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను మొదట కోరిరి. నేను పండితుల యొద్ద కూర్చుండి చదివినవాడను కాను. పగలెల్ల లెక్కలు వ్రాసి, ప్రొద్దుగూకిన పిదప నిఘంటువును ప్రక్కన బెట్టుకొని, తప్పులతో తడబాటులతో కావ్యములు చదువుకొన్నవాడను. భాగవతమును గూర్చి చెప్పదగినవారు ఈ వేదికపైననే ఇరువురున్నారు. ఆ భారమును వారికి విడిచి, వారు చెప్పని విషయమొకటి చెప్పుటకు అనుమతి వేడితిని. ఏ విషయమని వారడిగిరి. మూడవ బీరువా యంటిని. వారొక క్షణము నా ముఖము చూచి, సరే యనిరి.

మన గ్రంథాలయమున తూర్పు గోడను ఆనుకొని మూడు బీరువాలున్న సంగతి మీకందరకు తెలియును. మొదటి రెంటికి తాళములు లేవు. మూడవ దానికి కలదు. అందులో విద్యుత్తు, రేడియో, ఇంట కూర్చుండి చేసికొనదగు చిన్న చిన్న యంత్రములు, వీనిని గూర్చిన గ్రంథములును పాత సంచికలును సుమారు నలుబది యున్నవి. అడుగు అరలోని రేకుడబ్బాలో తీగ చుట్టలు, డయోడులు, రెసిస్టరులు, మాటువేయు కడ్డీ యొకటి ఉన్నవి. ఉద్యోగ విరమణ చేసిన మన యూరివారొకరు వానిని ప్రేమతో నిచ్చిరి.

2022లో మన పిల్లవాడొకడు ఆ పుస్తకములలో నొకటి యింటికి గొనిపోయెను. అందు చెప్పిన యంత్రము తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడుచునది. బ్యాటరీ కొనుటకు చేతిలో పైకము లేక, పాడైన ఫోను చార్జరు నొకదానిని విప్పి, లోపలి పలకను గోడ ప్లగ్గునకు తగిలించెను. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. చార్జరులో అది ఏకముఖ ప్రవాహముగా మారి కండెన్సరులో నిలిచినప్పుడు సుమారు 325 వోల్టులకు చేరును. ప్లగ్గు తీసిన పిదపను అది కొంతసేపు అందు నిలిచియుండవచ్చును. పిల్లవాడు ప్లగ్గు తీసియే చేయి పెట్టెనట. రెండు వ్రేళ్లు కాలినవి. వెనుకకు పడి తల పగిలినది. ప్రాణాపాయము తప్పినది. ఆ వారమే కార్యవర్గము కూడి, ఆ బీరువాకు తాళము వేయవలెనని తీర్మానించెను.

ఆ తీర్మానమును ప్రతిపాదించినవాడను నేను. లెక్కలు వ్రాయువాడను గనుక తాళపుచెవియు నాకే అప్పగించిరి. అప్పటినుండి అది నా మొలత్రాటికి వ్రేలాడుచున్నది. ఎందుకు ప్రతిపాదించితినో ఆనాడు నేను చెప్పలేదు. నేడు చెప్పెదను.

1984వ సంవత్సరపు వేసవి. నాకు పదునాలుగేండ్లు. మన యూర గ్రంథాలయము లేని కాలము. ఆరు మైళ్ల దూరమున నున్న శాఖా గ్రంథాలయమునకు సైకిలుపై పోయి పుస్తకములు తెచ్చుకొనెడివాడను. అక్కడ ఒకనాడు అట్ట యూడిన చిన్న ఆంగ్ల పుస్తకమొకటి చేత బడినది. బ్యాటరీ లేకయే పలుకు రేడియోను ఇంట చేసికొను విధము అందుండెను. బ్యాటరీ లేదు, కరెంటు లేదు, కాని పలుకునట! మా యింట రేడియో లేదు. ఎదురింటివారి అరుగుపై కూర్చుండి వినుటయే మాకలవాటు. ఆ పుస్తకమును నేనెట్లు చదివితినో చెప్పనక్కరలేదు. ఒక్కొక్క మాటకు నిఘంటువు తిప్పుచు, బొమ్మలున్న పుటలను మాత్రము పదే పదే చూచుచు చదివితిని. బొమ్మ లేని పుటలను తరువాత చూతమని విడిచితిని. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు.

ఆ రేడియోలో నుండునవి బహు స్వల్పము. ఎత్తున కట్టిన పొడుగుపాటి రాగితీగ యొకటి, దానిని ఏరియల్ అందురు. భూమిలోనికి దిగిన తీగ మరియొకటి, ఎర్తు. నడుమ తీగచుట్ట, కండెన్సరు, డయోడు, చెవికి పెట్టుకొను ఫోను. అంతే. దూరమున ప్రసార కేంద్రమునుండి బయలువెడలు తరంగము ఏరియల్‌ను తాకినప్పుడు అందు అత్యల్పమైన విద్యుత్తు కదలును. ఆ కదలికయే ఫోనులోని రేకును ఆడించును. మనము బిల్లు చెల్లింపనక్కరలేదు; ప్రసారము చేయువారే చెల్లించుచున్నారు! లెక్కలవాడనగుటచే ఈ సంగతి నాకు నేటికిని ముచ్చట గొల్పును.

అయితే ఆకాశమున అనేక కేంద్రముల తరంగములు కలగాపులగముగా నుండగా మనకు కావలసిన దానిని ఏరుట యెట్లు? ఉయ్యాలను ఊపువారెవ్వరైన నెరుగుదురు. ఉయ్యాలకు దాని లయ యొకటి కలదు. ఆ లయకు సరిపడ త్రోసినచో చిటికెనవ్రేలి బలముతోనే అది పైకి లేచును. లయ తప్పి త్రోసినచో బలవంతుడైనను వృథా. తీగచుట్టయు కండెన్సరును కలిసి యట్టి ఉయ్యాల యగును. కండెన్సరు పలకలను త్రిప్పినచో లయ మారును. విజయవాడ కేంద్రము 837 కిలోహెర్ట్జులపై, అనగా సెకనుకు ఎనిమిది లక్షల ముప్పదియేడు వేల ఊపులతో, పలుకుచుండెను. దాని అలపొడవు సుమారు 358 మీటర్లు. ఆ లయకు చుట్టను సరిచేయవలెను.

ఇంకొక చిక్కు కలదు. ఆ ఊపు ముందుకెంతయో వెనుకకునంతయే గనుక, ఫోను రేకు ఎటును కదలక నిలిచిపోవును. కమ్మరి కొలిమితిత్తిని చూచితిరా? గాలిని ఒకవైపునకే పోనిచ్చు తోలుమూత అందు కలదు. అది లేనిచో తిత్తి ఎంత యూదినను నిప్పు రాజదు. రేడియోలో ఆ తోలుమూత పని చేయునదే డయోడు.

నేటి డయోడు గాజుగొట్టములో బియ్యపుగింజంత యుండును. తొలినాళ్లలో ఆ పని చేసినది ఒక రాయి. సీసపు ఖనిజము, గెలీనా యందురు. వెండివలె మెరయును, పగులగొట్టినచో చదరపు ముక్కలుగా విడును, చేత బట్టిన, చూచినంతకంటె బరువు. పూర్వమునుండి కంటికి బెట్టు సుర్మా ఈ రాతిని నూరి చేసినదే. అందు సీసముండుటచే అది హానికరమని నేడు వైద్యులు చెప్పుదురు, పిల్లలకు పెట్టకుడు. మన దేశమున పల్నాటి సీమలో అగ్నిగుండాల యొద్ద బండలమొట్టు కొండలో ఈ సీసపు రాయి కలదు. నా బాల్యమున అక్కడ గని నడచుచుండెను. మా దూరపు బంధువొకరు అచ్చటినుండి ఉసిరికాయంత ముక్క తెచ్చియిచ్చిరి. పోయిన సొమ్మును కనుగొనుటకు అంజనము వేయించి చూచు ఆచారము మన యూళ్లలో నుండెను గదా! కంటికి అంజనమైన రాయి చెవికిని అంజనమైనదని నేను మిక్కిలి సంబరపడితిని.

ఆ రాతి గుణమును రేడియో తరంగములకు మొట్టమొదట వినియోగించినవారిలో మనవాడున్నాడు. ఆచార్య జగదీశ చంద్ర బోసు. 1901లో ఆయన దరఖాస్తు చేసిన గెలీనా గ్రాహకమునకు అమెరికా ప్రభుత్వము 1904 మార్చి 29వ తేదీన 755840 సంఖ్య గల పేటెంటు నిచ్చినది. తన విద్యను అమ్ముకొనుట ఆయన కిష్టము లేదు. మిత్రుల ప్రోద్బలముచే తీసికొన్న పేటెంటది. ఆయన పరికరముల సంగతి వినిన మీకు ఆశ్చర్యము కలుగును. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో తగిన ప్రయోగశాల లేక, రేకుపని చేయువానిని ప్రక్కన బెట్టుకొని ఆయన తన యంత్రములను చేయించుకొనెను. తరంగములను ఒక దిశకు వడకట్టుటకు ఆయన వాడిన పరికరమొకటి కలదు. అది రైళ్ల రాకపోకల పట్టికల లావుపాటి పుస్తకము! పుటకు పుటకు నడుమ తగరపు రేకు నుంచి, దానిని యంత్రముగా జేసెను. జనుపనారను మెలిపెట్టి మరియొక ప్రయోగమునకు వాడెను. పుస్తకము చదువుటకే కాదు, యంత్రమగుటకును పనికివచ్చునని నిరూపించిన మహానుభావుని గ్రంథాలయోత్సవమున స్మరించుట తగునని తలచెదను. (మన పుస్తకములలో రేకులు పెట్టవలదని చిరంజీవులకు మనవి.)

ఆయన తరువాత అమెరికాలో పికార్డు అను నతడు 1906లో సిలికాను రాతితో నట్టి గ్రాహకమునకు పేటెంటు పొందెను. అటుపిమ్మట ఈ రాతిరేడియో ఇల్లిల్లు ప్రవేశించినది. రాతిపై సన్నని తీగమొనను ఆనించి, ఎక్కడ తగిలిన పలుకునో వెదకవలెను. ఆ తీగను ఆంగ్లేయులు పిల్లిమీసమనిరి. రెండవ ప్రపంచ యుద్ధమున, 1944లో, ఇటలీ దేశపు ఆంజియో తీరమున గోతులలో దాగిన సైనికులు రాయియు దొరకక, గడ్డము గీచుకొను బ్లేడుపై పెన్సిలు ములుకు నానించి పాటలు వినిరి.

నా కథకు వచ్చెదను. రెండంగుళముల అట్టగొట్టముపై డెబ్బది చుట్లు చుట్టితిని. పాడైన రేడియోనుండి గ్యాంగ్ కండెన్సరు సంపాదించితిని. చెవిఫోనును పట్టణమున పాతసామానుల అంగడిలో కొంటిని. మాటు వేయుట మాత్రము తెలియదు. మా వీధికి వచ్చు కళాయి సాయిబు నాశ్రయించితిని. ఆయన నవ్వి, నవాసాగరము చల్లి, తగరము కరగించి, క్షణములో అతుకులు వేసి యిచ్చెను. బిందెలకు మేలైన ఆ నవాసాగరము రేడియోకు శత్రువని నాకును తెలియదు, ఆయనకును తెలియదు. నెల తిరుగునప్పటికి అతుకులన్నియు పచ్చని చిలుమెక్కినవి. రేడియో పనులకు అది తగదు, దానికై వేరుగా చేసిన తగరపు తీగయే వాడవలెను. ఇదియు నా పుస్తకములోనే యుండెను, బొమ్మ లేని పుటలో.

అన్నియు కూర్చి చెవిన బెట్టుకొంటిని. నిశ్శబ్దము. ఒకటి కాదు రెండు కాదు, పదునొకండు దినములు నిశ్శబ్దము. రాతిపై పిల్లిమీసమును జరపుచు, ఎర్తు తీగను చేతిపంపు గొట్టమునకు మరింత బిగించి కట్టుచు, ఏరియల్‌ను ఇంకను ఎత్తుకు లాగుచు, రాత్రులు నిద్ర లేదు. మా నాయనమ్మ నాకు గాలి సోకినదని తాయెత్తు కట్టించినది. పండ్రెండవ నాడు తీగచుట్ట కొనను గోటితో గీచితిని. గీచినచోట రంగు మారినది! రాగి తీగ రాగివలెనే కన్పట్టును. కాని దానిపై వార్నిషు పొర కలదు. ఆ పొరను గీకి తీయనిదే విద్యుత్తు దాటదు. పదునొకండు దినములుగా నేను తలుపు మూసి, లోపలివారిని పిలుచుచుంటిని. కొనలు గీకి కలుపగానే చెవిలో సన్నగా, స్పష్టముగా, మనుష్యుని గొంతు వినవచ్చెను. వేదఘోష కాదు, సంగీతము కాదు. వరికి యూరియా యెంత వేయవలెనో ఎవరో రైతుసోదరులకు చెప్పుచుండిరి. నేను చెరువుగట్టు వరకు పరుగెత్తి వచ్చితిని.

రేడియోను సంజయుని దివ్యదృష్టితో పోల్చి చెప్పువారు పెక్కురు. నాకా పోలిక రుచింపదు. సంజయునకు వ్యాసుడు వరమిచ్చెను. అతడు తీగ చుట్టలేదు, వార్నిషు గీకలేదు. మా రెంటికి పోలిక యెక్కడిది?

అయితే మన ప్రాచీనులకు యంత్రములు తెలియవని నేను చెప్పుట లేదు. పదునొకండవ శతాబ్దమున ధారానగర మేలిన భోజరాజు సమరాంగణసూత్రధారమను వాస్తుగ్రంథమున యంత్రములకొక అధ్యాయమే కేటాయించెను. ఆడు బొమ్మలు, నీటియంత్రములు, ఎగురు కొయ్యపక్షి, ఇట్టివెన్నియో అందు వర్ణితములు. దానిని నేను తాత్పర్యముతో చదివితిని. చదువుచుండగా ఒకచోట ఆగిపోతిని. యంత్రములను కూర్చు విధమును చెప్పకుండుటకు తన అజ్ఞానము కారణము కాదనియు, రహస్యము కాపాడుటకే చెప్పలేదనియు ఆ గ్రంథకర్త తానే చెప్పినాడు. నాటి కాలమునకు ఆయన కారణములు ఆయనకుండవచ్చును. కాని ఆ విధము నేడు మనకు దక్కలేదు. దాచినవాడు పోయెను, దాచినదియు పోయెను. ఆ పుట మూసి నేను చాలసేపు ఊరకుంటిని. ఏలనన నా మొలకు తాళపుచెవి యుండెను.

దీనికి ఎదురుగా మరియొక పుస్తకమును నిలుపుదును. 1922లో అమెరికా ప్రభుత్వపు తూనికలు కొలతల కార్యాలయము 120వ సంఖ్య గల చిన్న పుస్తకమొకటి ప్రకటించినది. ఇంట లభించు వస్తువులతో రాతిరేడియోను చేసికొను విధమంతయు అందు కలదు. తీగ యెంత, చుట్లెన్ని, చెక్క యెంత, మేకెక్కడ, ఏదియు దాచలేదు. సర్కారు కార్యాలయము ప్రజలకు పన్ను లెక్కలు గాక యంత్రము చేయు విద్యను పంచిపెట్టినదనిన నావంటివానికి అసూయయే కలుగును. అందులో రేడియోకు ముఖ్యాంగములు అయిదని చెప్పినారు: ఏరియల్, పిడుగు స్విచ్చి, ఎర్తు, గ్రాహక యంత్రము, చెవిఫోను.

పిడుగు స్విచ్చి! అనుబంధమున కాదు, అడుగున చిన్న అక్షరములలో కాదు. అయిదు అంగములలో రెండవది. నేను ఇందాక రేడియోలోని వస్తువులను మీకు చెప్పినప్పుడు దానిని చెప్పలేదు. 1984లో నేను దానిని పెట్టలేదు గనుక, నాడు నేనెట్లు తలచితినో అట్లే చెప్పితిని.

నా పుస్తకములోను ఆ పుట యుండెను. ఏరియల్ యింటిలోనికి వచ్చు చోట, గోడ వెలుపల, కత్తివంటి రాగిపలక గల స్విచ్చి యొకటి పెట్టవలెను. రేడియో వినని వేళ దానిని ఎర్తు వైపునకు వేయవలెను. అప్పుడు మేఘముల వలన తీగలో చేరు విద్యుత్తు ఇంటిలోనికి రాక భూమిలోనికి పోవును. ఉరుము వినబడినప్పుడు రేడియో ముట్టరాదు, తీగయు ముట్టరాదు. పిడుగు తిన్నగా తీగపైననే పడినచో ఏ స్విచ్చియు పూర్తిగా కాపాడజాలదు. కనుక గాలివానల కాలమున తీగను ముందే దింపివేయుట మేలు. ఇది విషయము. ఆ స్విచ్చి ఖరీదు అంగడిలో ఏడు రూపాయలు. నా యొద్ద మూడే యుండెను. బొమ్మ లేని పుట గదా, అంత ముఖ్యము కాదనుకొంటిని.

మే నెల చివర ఒక రాత్రి గాలివాన వచ్చినది. నా ఏరియల్ కొన దొడ్డిలోని కొబ్బరిచెట్టు తలకు కట్టియుండెను. రెండవ కొన గది గోడలోని రంధ్రము గుండ లోపలికి వచ్చి, మంచము ప్రక్కనున్న బల్లపై రేడియోకు చేరుచుండెను. చెవిఫోను మంచము తలాపున మేకునకు వ్రేలాడుచుండెను. పిడుగు కొబ్బరిచెట్టుపై బడినది. ఉదయము చూచితిమి గదా, తీగచుట్ట బొగ్గు. సీసపు రాయి రెండుగా విడిపోయెను. చెవిఫోను కరగి గోడను జారెను. మేకు చుట్టు జానెడు మేర నల్లని మచ్చ, సున్నము పెచ్చులూడి మంచముపై తలగడ మీద పడియున్నవి.

ఆ మంచము మా చెల్లెలిది. అది ముందునాటి సాయంత్రమే మామయ్యగారి యింటికి పోయెను. మామయ్య రెండు నాళ్లు ముందుగా వచ్చుట చేతనే పోయెను.

నాయనగారు నన్నేమియు ననలేదు. తలగడమీది పెచ్చులను చేతితో నెత్తి, దోసిట బట్టుకొని, దొడ్డిలో పారవైచి వచ్చిరి. పిదప పుస్తకమును తీసికొని, నన్ను సైకిలుపై నెక్కించుకొని, ఆరు మైళ్లు త్రొక్కి శాఖా గ్రంథాలయమునకు పోయిరి. పిల్లల కిట్టి పుస్తకము లేల యిచ్చుచున్నారని గ్రంథపాలకుని నిలదీసిరి. ఆయన జరిగినదంతయు వినెను. పుస్తకము తెరచి, పుటలు త్రిప్పి, ఒక పుట యొద్ద ఆగి, నాయనగారికి చూపి, నెమ్మదిగా తెలుగున తాత్పర్యము చెప్పెను. ఆ పుట క్రొత్తగా నుండెను. బొమ్మలున్న పుటలన్నియు నా వ్రేలిజాడలతో మాసియుండగా అది యొక్కటే తెల్లగా నుండెను. నాయనగారు ఆ పుటను చూచిరి, నన్ను చూచిరి. "పుస్తకమునందు తప్పు లేదండీ" అని మాత్రమనిరి. తిరిగి వచ్చునప్పుడు త్రోవ పొడవున మాటలాడలేదు.

నేను మరల రేడియో ముట్టలేదు. నలుబదేండ్లు ముట్టలేదు. 2022లో ఆ పిల్లవాని చేతికి కట్టిన గుడ్డను చూచినప్పుడు నా కంటికి కనబడినది వాని చేయి కాదు, తలగడ మీది సున్నపు పెచ్చులు. కనుక బీరువాకు తాళము వేయుమని ప్రతిపాదించితిని. నాయనగారు చేయని పనిని నేను చేసితిని.

తరువాత ఒక ఆదివారము లెక్క చూచుటకై ఆ బీరువా తెరచితిని. పిల్లవాడు గొనిపోయిన పుస్తకమును వెదకి తీసి చూచితిని. గృహవిద్యుత్తుతో ఎట్టి పరిస్థితిలోను ప్రయోగములు చేయరాదనియు, బ్యాటరీతో మాత్రమే చేయవలెననియు మొదటి ప్రకరణముననే యుండెను. ఆ పుట తెల్లగా నుండెను. నా పుస్తకము, వాని పుస్తకము, నడుమ దాదాపు నలుబదేండ్లు, తెల్లపుట యొక్కటే! వానికి బ్యాటరీ కొనుటకు డబ్బు లేదు, నాకు స్విచ్చి కొనుటకు డబ్బు లేదు. వానికి చూపువారు లేరు, నాకును లేరు. ఈ లెక్కలో బీరువా చేసిన నేరమెక్కడ నున్నదో నేను వెదకితిని, కనబడలేదు.

ఆ రాత్రినుండి నేను మరల మొదలిడితిని. గృహస్థుడు, తల నెరసినవాడు, ఇంటివారు నవ్విరి. నేడు సామాగ్రి సులభము. ఇటలీ దేశమున 2005లో పుట్టిన ఆర్డూయినో అను చిన్న పలక కలదు. దాని పటములను చేసినవారే లోకమునకు బహిరంగముగ నిచ్చినారు. 2012లో ఇంగ్లండు దేశమునుండి వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనునది అరచేతిలో నిముడు గణకయంత్రము. పొలములో తడి యారినచో దీపము వెలిగించు యంత్రమును, తొట్టి నిండినచో గంట మ్రోగించు యంత్రమును పిల్లలు వానితో చేయగలరు. నేను వానిని కొంత చూచితిని; నాకు మాత్రము తీగచుట్టయే ప్రియము. ముసలి చాదస్త మనుకొనుడు.

కావ్యములలో నాకు లభింపని దొకటి ఈ విద్యలో లభించినది. దానిని చెప్పక తీరదు. జర్మనీ దేశస్థుడు కిర్ఖాఫ్ 1845లో ఒక సూత్రము చెప్పెను. తీగలు కలియు ఏ ముడి యొద్దనైనను లోనికి వచ్చు ప్రవాహము మొత్తమెంతయో వెలుపలికి పోవు మొత్తమునంతయే యుండవలెను. జమ, ఖర్చు! ముప్పది యేండ్లుగా నేను వ్రాయుచున్న పద్దులే గదా! తేడా యొకటి కలదు. నా పద్దులో తప్పు వ్రాసినను కాగితము ఊరకుండును. తనిఖీ వచ్చువరకు నేనును ఊరకుండగలను. తీగలలో తప్పు పద్దు పడినచో యంత్రము ఆ క్షణముననే పలుకుట మానును, లేదా పొగ వెళ్లగ్రక్కును. దానిని మోసగించు లెక్కలవాడు పుట్టలేదు.

చేతిలోని ఫోనున వేలకొలది గొంతులు వినబడుచుండగా ఇంకను తీగలు చుట్టుట యేలయని పెద్దలొకరు నన్నడిగిరి. పంచదార అంగడిలో దొరకుచుండగా చెరకు నమలుట యేల యని నేను వారి నడిగితిని. వారు మధుమేహ రోగులు గనుక ఆ సంభాషణ అంతటితో ఆగినది.

ఇక నేను సభవారిని కోరునది. గ్రంథాలయపు వెనుక వరండాలో ఒక బల్ల వేయుడు. ఆదివారము ఉదయము రెండు గంటలు మూడవ బీరువా తెరచియుండవలెను. ఆ రెండు గంటలును పెద్దవా రొకరు బల్ల యొద్ద కూర్చుండవలెను. నేను కూర్చుందును, నాతోపాటు విద్యుత్తు పని తెలిసిన యువకు లిరువురు కూర్చుందుమని మాట యిచ్చిరి. పిల్లల పనులు బ్యాటరీతోనే జరుగును, తొమ్మిది వోల్టులు దాటరాదు. గోడ ప్లగ్గు పెద్దల చేతిదే. మాటువేయు కడ్డీని పెద్దలే తగిలింతురు, పెద్దలే తీయుదురు. మాటు వేయు తగరములో సీసము కలిసియుండును గనుక బల్ల విడుచునప్పుడు చేతులు కడుగుకొనవలెను; అక్కడ ఏమియు తినరాదు. ఏ పుస్తకము ఎవరు గొనిపోయినను హెచ్చరికలున్న పుటను మా యెదుట బిగ్గరగా చదివి, తాత్పర్యము చెప్పి, పిదపనే గొనిపోవలెను. ఆంగ్లము రాని పిల్లలకు ఆ పుటలన్నియు తెలుగున వ్రాసి లోపలి అట్టలకు అంటించితిని. నలుబది పుస్తకములకు నాకు ఏడు మాసములు పట్టినది. బ్యాటరీలకు సంవత్సరమునకగు సొమ్మును నేను లెక్కవేసి కార్యదర్శిగారికి కాగితమిచ్చితిని. ఈ ఉత్సవమున పూలదండలకైన ఖర్చుకంటె అది తక్కువ. ఆ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసినందుకు కార్యవర్గమువారు నన్ను మన్నింపవలెను, వృత్తిదోషము.

ఇందుకు అభ్యంతరము చెప్పువారు మనలో నున్నారని యెరుగుదును. వారిలో ఆ పిల్లవాని తల్లిగారొకరు. ఈ ప్రసంగమునకు ముందు నేను వారి యింటికి పోయి యడిగితిని. వారు చాలసేపటికి గాని బదులు చెప్పలేదు. వాడు ఇంటిలో దాగి మరల తీగలతో నాడుచునే యున్నాడనియు, దాగి చేయుటకంటె మీ యెదుట చేయుటయే నయమనియు చివర కనిరి. వాడు ఈ సభలో వెనుక వరుసలో కూర్చుండియున్నాడు. ఈ ఆదివారము బల్ల యొద్దకు మొదట వాని పేరే వ్రాసితిని.

అధ్యక్షులవారి అనుమతితో తాళపుచెవిని ఈ బల్లపై నుంచుచున్నాను. బీరువా రెండవ అరలో, తెల్లకాగితము చుట్టిన పొట్లములో, క్రొత్త కత్తి స్విచ్చి యొకటి యున్నది. అది గ్రంథాలయమునకు నా కానుక; దాని రసీదు పద్దుల పుస్తకమున నంటించితిని. వానలు మొదలగుటకు ముందే దానిని ఎవరైన వెనుక గోడకు బిగింపవలెను. నాకు నిచ్చెన యెక్కుట చేతగాదు.